పాడుపడుచున్న చిన్న పట్టణములు: రైతునకు వానితోడి సంబంధము



సంక్రాంతి గడచిన పిమ్మట విత్తనపు వడ్ల పనిమీద, ఇద్దఱు సంఘ కార్యదర్శులను వెంటబెట్టుకొని, మేము కాకినాడ మొదలు చినగంజాము వఱకు సముద్రతీరము వెంట మోటారు బండిమీద ప్రయాణము చేసితిమి. మేము పోయిన బాట 216వ నంబరు జాతీయ రహదారి. అది కత్తిపూడి వద్ద మొదలై కాకినాడ, అమలాపురము, నరసాపురము, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు చేరును. బాట మంచిది. పూర్వము మూడు దినములు పట్టెడి ప్రయాణము నేడొక దినమున ముగియును. అయితే ఆ తొందరలోనే మాకొక సంగతి తోచినది. బండి ఆపవలసిన పనిలేని ఊళ్ళు దారిపొడవునను పెక్కు కనబడినవి. మూతపడిన మిల్లులు, తలుపులు దిగవేసిన అంగళ్ళు, తాళము పడిన మేడలు, అరుగులమీద వృద్ధులు. అవి పల్లెలు కావు. ఒకప్పుడు చుట్టుప్రక్కల పది పదునైదు పల్లెలకు అంగడియై, సంతయై, రేవై బ్రతికిన చిన్న పట్టణములు.

పట్టణము చెడినయెడల పట్టణస్థుడు గదా చెడును, రైతునకేమి యని మీలో కొందఱు తలంపవచ్చును. మేమును చిరకాలము అట్లే తలంచితిమి. అది పొరపాటని ఇప్పుడు తెలిసికొంటిమి. ఆ పొరపాటు ఎట్టిదో, దానివలన ఎవరు నష్టపడిరో చెప్పుట కొఱకే ఈ వ్యాసము. మొదట దారిలో చూచినవి చూచినట్లు వ్రాసి, పిమ్మట మన యింటి సంగతికి వత్తుము.

కోరంగి

కాకినాడ విడిచి దక్షిణముగా పోవగా తాళ్లరేవు మండలమున కోరంగి తగులును. నేడది చిన్న గ్రామము. దాని పేరు చెప్పగానే జనులు మడ అడవులను, పక్షులను తలంతురు; 1978లో ఆ యడవులు అభయారణ్యమైనవి. కాని రెండు వందల సంవత్సరముల క్రిందట కోరంగి తూర్పుతీరమున పేరెన్నిక గన్న రేవు. ఓడలు కట్టుటకును, దెబ్బతిన్న ఓడలు బాగుచేయుటకును అది ప్రసిద్ధి. ఈ తీరమునుండి బర్మాకు కూలికి పోయిన తెలుగువారిని ఆ దేశమున కోరంగీలని పిలుచుట వాడుక యయ్యెను. ఊరు చిన్నదైనను దాని పేరు సముద్రము దాటి ఒక జాతికే పేరైనది.

1789 డిసెంబరులో సముద్రము మూడు పర్యాయములు పొంగి కోరంగిమీద పడినది. సుమారు ఇరువది వేలమంది మరణించిరని చెప్పుదురు. 1839 నవంబరులో మఱల ఘోరమైన తుపాను వచ్చినది. అయినను కోరంగి తుపానుల వలననే అంతరించెనని చెప్పుట సరికాదు. 1789 తరువాత జనులు మఱల ఇండ్లు కట్టిరి, మఱల ఓడలు కట్టిరి. ఊరిని మెల్లగా చంపినది గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. పాయ పూడినది; ఓడలు లోతు వెదకుకొనుచు ఉత్తరముగా కాకినాడకు పోయినవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసి, కాలువలు సాగిన పిమ్మట డెల్టా ధాన్యమును పడవలమీద కాకినాడకే చేరసాగెను. సరకు పోయిన వెంట షావుకార్లు, షావుకార్ల వెంట పనివారు పోయిరి.

నదితో వాదులాడి గెలిచినవారు లేరు. కావున కోరంగి విషయమున ఎవరిని నిందింపను పనిలేదు. ఈ మాట గుర్తుంచుకొనవలెను, ముందు పనికివచ్చును.

ఎదురులంక రేవు

యానాము దాటి గౌతమీ పాయమీది వంతెన నెక్కినచో అవతల ఎదురులంక. 2002లో ఈ వంతెన ముగియుటకు పూర్వము మనుష్యులు, బండ్లు, ధాన్యము, కొబ్బరికాయలు సమస్తమును పంటుమీదనే దాటవలసి యుండెను. వంతెన మంచి పని. ప్రసవ వేదనతో పంటు కొఱకు గట్టున ఎదురుచూచిన తల్లుల కష్టము తీఱినది. అది కావలదని ఎవరును అనరు. అయినను గట్టున టీ కాచుకొను ఒక వృద్ధుడు మాతో చెప్పిన మాట వినదగినది.

“పంటు ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఆగనివాడు లేడండి బాబూ. కలెక్టరైనా అరగంట ఆగాల్సిందే. ఆగినవాడు టీ తాగేవాడు, కాయలు కొనేవాడు, బేరం అడిగేవాడు. ఇప్పుడు ఆగేవాడే లేడండి.”

ఈ మాటలో గొప్ప సత్యమున్నది. చిన్న పట్టణము జనుల రాకపోకల వలన బ్రతుకదు. వారు ఆగుట వలన బ్రతుకును. ఏఱు, వాగు, పంటు, పడవ, బండి మార్చుకొను కూడలి, ఎద్దులకు నీరు పెట్టు చెఱువు, ఇవియే పూర్వము మనుష్యులను ఆపినవి. ఆగినచోట అంగడి పుట్టెను. మంచి బాట వచ్చినకొలది ఆగవలసిన కారణములు తగ్గును. బాట మనకు మేలు చేయుచునే, మన ఎఱుకలేకుండ మన ఊరిని దాటిపోవును.

బందరు

బందరు చిన్న పట్టణము కాదు, జిల్లా ముఖ్యస్థానము. అయినను దాని చరిత్రలో మనకు రెండు పాఠములు కలవు గనుక ఇచ్చట ఒక పూట నిలిచితిమి.

గోలకొండ నవాబుల కాలమున బందరు ఆ రాజ్యమునకు సముద్ర ద్వారము. ఇంగ్లీషువారు 1611లో ఇచ్చట వర్తకశాల పెట్టిరి; వారికంటె ముందే డచ్చివారు వచ్చిరి. అద్దకపు బట్టలు ఇచ్చటినుండి పారసీక దేశమునకు పోయెడివి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పది వేలమంది మరణించిరి. ఊరు మఱల నిలువబడినది గాని వ్యాపారము మునుపటి స్థితికి రాలేదు. సముద్రము ఒడ్డున లోతు లేదు. పెద్ద ఓడలు దూరమున నిలిచి, సరకును చిన్న పడవలమీద చేర్పవలసి వచ్చెడిది. అంతలో రైలు వచ్చినది, బందరునకు కాదు, బెజవాడకు. 1893లో అచ్చట కృష్ణపై రైలు వంతెన ముగిసెను. 1899 నాటికి మద్రాసుతో సంబంధము కలిగెను. బందరునకు రైలు 1908లో వచ్చెను. ఆలోపల ధాన్యపు వర్తకము బెజవాడకు అలవాటుపడినది. ఒకసారి వేఱు దారిని అలవాటుపడిన సరకును మఱల త్రిప్పుట కష్టము.

మొదటి పాఠమిది. వ్యాపారము పోయినను బందరు నిలిచినది. కారణమేమన, కచేరీలు, న్యాయస్థానములు, కళాశాలలు అచ్చటనే యుండెను. వేఱే పనిమీదనైనను జనులు వచ్చి ఆగుచుండిరి. ఆ యాధారము లేని రేవులు పల్లెలైపోయినవి.

రెండవ పాఠము మన సంఘములకు సంబంధించినది. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పూనికతో 1915లో కృష్ణాజిల్లా సహకార కేంద్ర బ్యాంకును, 1923లో ఆంధ్రా బ్యాంకును ఈ ఊరనే పుట్టినవి. ఆంధ్రా బ్యాంకు పెరిగి పెద్దదై, దాని ముఖ్య కార్యాలయము హైదరాబాదు చేరెను. 2020 ఏప్రిలు 1వ తేదీన అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయి పేరును లేకుండ పోయెను. ఇందులో తప్పెవరిదియు లేదు. పెద్ద వ్యాపారపు నడక అట్టిది. కాని సభ్యుల సొత్తయిన సహకార బ్యాంకు మాత్రము బందరునందే యుండిపోయినది. వాటాదారులు దూరదేశపు వారైనప్పుడు ధనము దూరమునకు పోవును. వాటాదారులు చుట్టుప్రక్కల రైతులైనప్పుడు ధనము చుట్టుప్రక్కలనే తిరుగును.

బందరు వద్ద క్రొత్త రేవు కొఱకు 2023లో పనులు మొదలైనవి. దానివలన మేలు కలుగవలెనని కోరుదము.

నిజాంపట్నము, మోటుపల్లి

కృష్ణను పులిగడ్డ వంతెనమీదుగా దాటి, రేపల్లె తట్టునకు వచ్చి, నిజాంపట్నము చూచితిమి. 1611లో వచ్చిన ఇంగ్లీషువారి ఓడ ఇచ్చట ఆగి పిమ్మటనే బందరు చేరెను. నేడు ఇది చేపల రేవు. వలలు, మంచుగడ్డలు, లారీలు, ఊరు కళకళలాడుచున్నది. పాత వ్యాపారము పోయినచోట క్రొత్త వ్యాపారము కుదురుకొన్నచో పట్టణము బ్రతుకునని ఇచ్చట చూచి సంతోషించితిమి.

అచ్చటనుండి బాపట్లకు వచ్చి విత్తనముల పని చూచుకొంటిమి. మీరెఱిగిన సాంబమసూరి, అనగా బి.పి.టి. 5204, ఈ బాపట్ల పరిశోధనా క్షేత్రమున పుట్టినదే. పిమ్మట చీరాల దాటి మోటుపల్లికి పోయితిమి.

మోటుపల్లి నేడు చినగంజాము మండలములోని ఒక పల్లె. ఇచ్చట వీరభద్రస్వామి ఆలయ మంటపమున ఒక స్తంభము కలదు. దానిమీద కాకతీయ గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున చెక్కించిన అభయ శాసనమున్నది. దాని తాత్పర్యము మన మాటలలో చెప్పుదుము. పూర్వరాజులు తుపానున పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు మొదలగు సరకునంతయు లాగుకొనెడివారు. గణపతిదేవుడు అట్లు చేయనని మాట యిచ్చెను. ప్రాణములకు తెగించి సముద్రముమీద వచ్చు వర్తకునకు ధనము ప్రాణముకంటె ప్రియమని తలంచి, నిర్ణయమైన సుంకము మాత్రమే తీసికొందుననెను. ఆ సుంకము సరకులో ముప్పదింట ఒక వంతు. 1358లో రెడ్డిరాజైన అనపోతారెడ్డియు ఈ యూరనే వర్తకులకు అభయ శాసనము వేయించెను. మార్కోపోలో వ్రాసిన ముత్ఫిలి ఈ మోటుపల్లియే యని పండితులు చెప్పుదురు.

ఆ స్తంభము ముందు నిలిచినప్పుడు మాకు ఓడలకంటె ముందు కాటా జ్ఞప్తికి వచ్చినది. వర్తకులు దూరదేశములనుండి ఈ యిసుకతిన్నెకు ఏల వచ్చిరి? సుంకమెంతో ముందే తెలియును, ఎవరును దారిలో మార్చరు, సరకు దోచుకొనరు. లోతైన రేవు ఎంత అవసరమో నికరమైన బేరము అంత అవసరము. పట్టణమనగా మేడలు, వీథులు మాత్రమే కావు. కొనువారు పలువురు, అమ్మువారు పలువురు ఒకచోట కూడి, అందఱి యెదుట తూకము వేసి, ధర పలుకు చోటే పట్టణము.

పెదగంజాము కాలువ

మోటుపల్లికి సమీపముననే పెదగంజాము. కృష్ణా పడమటి డెల్టాలోని కొమ్మమూరు కాలువ వచ్చి ఇచ్చట బకింగుహాము కాలువతో కలియును. ఇచ్చటనుండి మద్రాసు మీదుగా దక్షిణమున మరక్కాణము వఱకు సుమారు 420 కిలోమీటర్లు ఆ కాలువ పోవును. 1806లో మద్రాసు వద్ద చిన్న కాలువగా మొదలై, కొంచెము కొంచెముగా ఉత్తరమునకు సాగినది. 1876-78 నాటి కఱవులో, కూలి లేని జనులకు పని కల్పించుటకు నాటి గవర్నరు బకింగుహాము ప్రభువు మద్రాసు నగరములోని భాగమును త్రవ్వించినందున ఆ పేరు వచ్చెను. కాకినాడలో పడవ యెక్కించిన బస్తా, నేల తాకకుండ మద్రాసు చేరెడి కాలమది. బియ్యము, ఉప్పు, వంటచెఱకు ఈ నీటిమీద పోయెడివి.

1899లో రైలు ఈ కాలువ ప్రక్కగానే వచ్చెను; తరువాత లారీలు వచ్చెను; 1965, 66 సంవత్సరముల తుపానులు గట్లను చెఱచెను. మరమ్మతు చేయువారు లేరు, చేయుమని అడుగు పడవలవారును మిగులలేదు. 2008లో కాకినాడ మొదలు పుదుచ్చేరి వఱకు గల ఈ నీటిదారిని జాతీయ జలమార్గము 4 గా ప్రకటించిరి. మేము నిలిచిన చోట మాత్రము గుఱ్ఱపుడెక్కయు, తుంగయు మొలిచి యుండుట చూచితిమి. కాలువ గట్టున పడవలు కట్టిన రాతిగుంజ యొకటి వంగి నిలిచి యున్నది. దానికొక గేదెను కట్టియుండిరి.

పట్టణము క్షీణించు క్రమము

ఇన్ని ఊళ్ళు చూచిన మీదట మాకు తెలిసినదేమన, పట్టణము ఒక్క దినమున పడిపోదు. దానికొక క్రమమున్నది. మొదట సరకు దారి మాఱును. సరకు రానందున హమాలీలు పని వెదకుకొనుచు పోవుదురు. హమాలీలు లేనందున మిల్లు యజమాని ఖర్చు పెరిగెనని మిల్లు కట్టివేయును. మిల్లు లేనందున కమ్మరి, వడ్రంగి, మోటారు బాగుచేయు మేస్త్రీ పోవుదురు. అంతట మందుల అంగడి, వైద్యుడు, పిదప మంచి ఉపాధ్యాయుడు. తుదకు అప్పటివఱకు ఊరివారే యైన యువకులు హైదరాబాదునకో, ఇతర దేశములకో పోయి, పండుగలకు మాత్రము వచ్చి, తల్లిదండ్రులను అరుగుమీద విడిచి పోవుదురు.

ఇందులో కొన్ని నది చేసినవి, కొన్ని రైలు చేసినది. కొన్ని మనమే చేసితిమి. ఆ మూడవ తరగతిని గుఱించి ఇప్పుడు వ్రాయుదుము.

మా పొరపాటు

మేము పనిచేయు ప్రాంతమున కాలువ ఒడ్డున ఒక చిన్న పట్టణము కలదు. పేరు వ్రాయము, చదువరులలో పెక్కుమంది గుర్తింతురు. మా చిన్నతనమున అచ్చట నాలుగు బియ్యపు మిల్లులు, రెండు కాటాలు, గురువారపు సంత, చేతినిండ పనిగల హమాలీలు ఉండెడివారు. మా తండ్రిగారు బండిమీద బస్తాలు వేసికొని పోయి, ఒక మిల్లువాడు ధర తగ్గించి పలికినచో, బండి త్రిప్పి రెండవ మిల్లునకు తోలెడివారు. పెక్కుసారులు వీథి మలుపు దాటకమునుపే మొదటివాడు వెనుకకు పిలిచెడివాడు. ఆ బండి మళ్ళింపులోనే రైతు బలమంతయు నుండెను.

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట మేము క్రొత్తగా ఉద్యోగమున చేరినప్పుడు, లారీలు పొలముగట్టునకు రాసాగెను. అప్పుడు మేము ఊరూర సభలు చేసి చెప్పితిమి: “బండికిరాయి ఏల, హమాలీ ఖర్చు ఏల, కళ్లములోనే అమ్ముకొనుడు.” లెక్కవేసి చూపితిమి, లెక్క సరిగానే యుండెను. రైతులు విని అట్లే చేసిరి. మొదటి రెండు మూడు పంటలకు లాభమే వచ్చినది. ఏటేట పట్టణమునకు పోవు బస్తాలు తగ్గినవి. నాలుగు మిల్లులు రెండైనవి, రెండు ఒకటైనది, అదియు నేడు గోడలుగా నున్నది. సంతలో కూరగాయలవారు మాత్రము మిగిలిరి.

క్రిందటి కోతల కాలమున ఒక సోదరిని ఆమె కళ్లమున చూచితిమి. భర్త లేడు, కౌలు, సొంతము కలిపి ఎకరమున్నర సాగు. మబ్బు పట్టియున్నది. కోత యంత్రము కోసిన వడ్లు తడిగా నున్నవి. కొనుటకు వచ్చినవాడు ఒక్కడే. తేమ యని చెప్పి బస్తాకు నాలుగు కిలోలు తరుగు తీసెను. ఆమె నలుబది యైదు బస్తాలకు నూట యెనుబది కిలోలు, అనగా రెండు బస్తాలకు పైగా, ఊరక పోయినవి. వానికి ఇష్టము లేనియెడల లారీ త్రిప్పుకొని పోవును. ఆమెకు త్రిప్పుకొని పోవుటకు బండి లేదు, పోవుటకు మిల్లును లేదు. మేము కలుగజేసికొని అడిగితిమి. కొనువాడు నవ్వి, వేఱెవరైన ఉన్నయెడల పిలువుడనెను. పిలుచుటకు ఎవరును లేరు.

ఆమె మాతో, “మీరే కదండీ బాబూ, కళ్లంలోనే అమ్ముకోమని చెప్పింది” అనెను. కోపముగా అనలేదు. మేమేమియు చెప్పలేకపోతిమి. ఈ పత్రికలో ఇన్ని సంవత్సరములుగా ఎరువుల మోతాదు, పురుగుల నివారణ వ్రాసిన మేము ఈ యొక లెక్క తప్పితిమి. బండికిరాయి లెక్కలో వేసితిమి. రెండవ కొనుగోలుదారుని విలువ లెక్కలో వేయలేదు.

రైతునకు కలుగు నష్టము

ఆ లెక్క ఇప్పుడు చూడుడు. ఇది ఉదాహరణ మాత్రమే. మీ యంకెలు మీరు వేసికొనవలెను. మూడు ఎకరముల రైతునకు ఎకరమునకు ముప్పది చొప్పున తొంబది బస్తాలు వచ్చినవనుకొందము. కళ్లమున అమ్ముట వలన బస్తాకు పండ్రెండు రూపాయల కిరాయి మిగిలిన 1,080 రూపాయలు లాభము. పోటీ లేనందున కొనువాడు బస్తాకు ఏబది రూపాయలు తగ్గించిన 4,500 రూపాయలు నష్టము. మూడేసి కిలోలు తరుగు తీసిన 270 కిలోలు, అనగా మూడున్నర బస్తాలకు పైగా మఱియొక నష్టము. వేయి మిగుల్చుకొని నాలుగువేల యైదువందలును, మూడున్నర బస్తాలును పోగొట్టుకొంటిమి.

ఇదికాక కనబడని నష్టములు కలవు. యంత్రము చెడినయెడల మేస్త్రీ కొఱకు ముప్పది కిలోమీటర్లు పోవలెను. కోతల సమయమున ఒక దినము పోయినచో ఒక వాన మీదపడవచ్చును. ఊక, తవుడు మిల్లుతోనే పోయినందున పాడిపశువుల దాణా దూరమునుండి కొనవలెను. అప్పు కావలసిన రైతునకు మిల్లు షావుకారు పోగా మిగిలినవాడు కొనుగోలుదారుడొక్కడే. అప్పిచ్చువాడును ధర నిర్ణయించువాడును ఒక్కడే యైనప్పుడు రైతు స్థితి ఏమగునో మన తాతలు ఎఱుగుదురు. దానిని తప్పించుటకే గదా 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది.

మనము చేయదగినది

మా ప్రాంతపు సంఘము ముందు నేడొక ప్రశ్న యున్నది. పట్టణములోని పాత గిడ్డంగిని విడిచి, నాలుగు రోడ్ల కూడలి వద్ద క్రొత్త గిడ్డంగి కట్టవలెనని కొందఱు, పాతదానినే బాగుచేయవలెనని కొందఱు. కూడలి వద్ద లారీకి సుళువు. మేము ఒక పక్షమును గ్రుడ్డిగా పట్టము. కోరంగి వారు పూడిన పాయను పట్టుకొని వ్రేలాడియున్నచో వారి బిడ్డలు ఆకలిచే చచ్చియుందురు. కాకినాడకు పోయినవారు తెలివిగలవారే. కావున సభ్యులు ఓటు వేయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని కోరుచున్నాము. మన ఊరిని విడిచినది నదివంటి మార్పరాని కారణమా, లేక మన అలవాటా? క్రొత్తచోట కొనువారు ఒకరికంటె ఎక్కువగా వత్తురా, లేక ఉన్న యొక్కనికే సుళువగునా? చిన్న రైతు, బండి లేని రైతు, ఒంటరి స్త్రీ అచ్చటికి తన బస్తాలతో పోగలరా? ఈ మూడింటికి నికరమైన జవాబు దొరికినచో గిడ్డంగి ఎచ్చట కట్టినను మాకు సమ్మతమే.

గిడ్డంగి ఎచ్చటనున్నను, ఈ క్రింది పనులు ఏ సంఘమైనను ఈ పంటనుండియే మొదలుపెట్టవచ్చును.

1. సంఘపు ఆవరణలో సరియైన కాటాయు, తేమ కొలుచు యంత్రమును ఉంచవలెను. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యమునకు తేమ 17 శాతమునకు మించరాదు. రైతు తన వడ్ల తేమ తానే ముందు తెలిసికొనియున్నచో, తరుగు పేరిట మోసము సగము తగ్గును.

2. ఆరబెట్టు కళ్లమును, టార్పాలిను పట్టాలను సంఘము ఉమ్మడిగా సమకూర్పవలెను. తడివడ్లు గల రైతు తొందరగల రైతు. తొందరగల రైతునకు ధర రాదు.

3. ఏబది, అఱువది మంది చిన్న రైతుల ధాన్యమును రకముల వారీగా ఒక రాశిచేసి, ముగ్గురు నలుగురు వర్తకులను ఒకే దినమున పిలిచి, అందఱి యెదుట ధర పలికింపవలెను. అయిదు బస్తాల కొఱకు రాని వర్తకుడు అయిదు వందల బస్తాల కొఱకు వచ్చును. మోటుపల్లి స్తంభము చెప్పునది ఇదియే: తూకము, సుంకము ముందుగా తెలిసినచోటికి వర్తకుడు తానే వచ్చును.

4. అమ్మక నిలువజేయదలచిన వారికి గిడ్డంగి రసీదుమీద అప్పు లభించు ఏర్పాటు చేయవలెను. 2007 నాటి గిడ్డంగుల చట్టము ప్రకారము నమోదైన గిడ్డంగి యిచ్చు రసీదునకు విలువ కలదు. కోతల నాటి ధరకును రెండు మూడు మాసముల తరువాతి ధరకును గల భేదము అప్పుడు రైతునకే దక్కును.

5. సంఘపు కొనుగోళ్ళు, మరమ్మతులు సాధ్యమైనంత వఱకు దగ్గఱి పట్టణముననే చేయవలెను. రెండు రూపాయలు ఎక్కువైనను మేస్త్రీ ఊరిలో నిలుచును. ఇది దానము కాదు. వచ్చు కోతల దినమునకు మనము కట్టు బీమా.

6. ప్రతి సంఘమును ఒక చిన్న పుస్తకము పెట్టి, తమ పట్టణమున పది సంవత్సరముల క్రిందట ధాన్యము కొన్నవారెందఱు, నేడెందఱు, మిల్లులెన్ని, నేడెన్ని, కమ్మరి, మేస్త్రీ, మందుల అంగడి ఉన్నవా లేవా వ్రాయవలెను. వైద్యుడు నాడి చూచినట్లు ఏటేట చూచిననే గాని రోగము తెలియదు. మా పట్టణపు నాడి మేము ఇరువది సంవత్సరములు చూడలేదు.

ఈ ప్రయాణము ముగించి వచ్చిన మఱునాడు మేము ఆ సోదరి యింటికి పోయి, కళ్లమున అమ్ముకొనుమని నాడు చెప్పినది మా పొరపాటని ఒప్పుకొంటిమి. ఆమె, “పోనివ్వండి బాబూ, వచ్చే పంటకేం చెయ్యమంటారో చెప్పండి” అనెను. సంఘమున తేమ యంత్రము వచ్చునని, ఆమె వడ్లు ఇతరుల వడ్లతో రాశిచేసి అమ్మింతుమని మాట యిచ్చితిమి. ఆ మాట నిలుపుట మా యొక్కరి చేతిలో లేదు. రాబోవు మహాజన సభలో సభ్యులందఱి చేతిలో నున్నది. సభకు తప్పక రండు. వచ్చునప్పుడు మీ పట్టణపు మిల్లులను, కొనుగోలుదారులను లెక్కవేసికొని, ఆ లెక్క వెంట తెండు.